బారెడు పొద్దెక్కాక లేచేవాళ్ల లెక్క

"బారెడు పొద్దెక్కింది, ఇంకా ముసుగు తియ్యవా?" తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లలో ఈ మాట పడనివాళ్లు తక్కువ. అనేది అమ్మ కావచ్చు, తాతయ్య కావచ్చు, సెలవులకు వచ్చిన మేనత్త కావచ్చు. ఆ మాటలో రెండు నిందలు కలిసి ఉంటాయి. వేళ దాటిందన్నది ఒకటి. వేళ దాటాక లేచేవాడు దేనికీ పనికిరాడన్నది రెండోది. మొదటిదాన్ని గోడ గడియారం చూసి తేల్చుకోవచ్చు. రెండోదాని సంగతేమిటి? తెల్లవారుజామున లేచేవాళ్లు నిజంగానే ఎక్కువ పని చేస్తారా? రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఎనిమిదింటికి లేచేవాళ్లు వెనకబడిపోతున్నారా?

ప్రశ్న పాతదే గానీ, దాన్ని కొలిచి చూడటం మొదలై యాభై ఏళ్లు మాత్రమే. 1976లో జేమ్స్ హోర్న్, ఓలొవ్ ఓస్ట్‌బెర్గ్ అనే పరిశోధకులు 19 ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేశారు. రోజంతా మీ చేతుల్లోనే ఉంటే ఎన్నింటికి లేస్తారు, లేచిన మొదటి అరగంటలో ఎంత చురుగ్గా ఉంటారు, కష్టమైన పని ఏ వేళకు పెట్టుకుంటారు, ఇలాంటివి. జవాబులకు మార్కులు వేసి మనుషుల్ని వరుసగా నిలబెడితే ఒక కొసన కోడికూతతో లేచేవాళ్లు, మరో కొసన రాత్రయ్యాక చురుకు పుట్టేవాళ్లు తేలారు. ఈ రెండు జట్ల గురించే అందరూ మాట్లాడుకుంటారు గానీ, ఎక్కువమంది ఉండేది మధ్యలోనే.

ఒక కొసవాళ్లను కోడి మనుషులనీ, రెండో కొసవాళ్లను గూబ మనుషులనీ అనుకోవచ్చు. ఏ వేళకు ఒళ్లు చురుకవుతుందో చెప్పే స్వభావాన్ని శాస్త్రజ్ఞులు క్రోనోటైప్ అంటారు. ఇక్కడ దానికి పొద్దువాటం అనే పేరు సరిపోతుంది.

ఒకే ప్రభుత్వం, వేరువేరు పొద్దులు

ముందు తేల్చుకోవాల్సింది, పొద్దున్న అంటే ఎప్పుడు?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో, బాహూరు కమ్యూన్‌లో కిరుమాంబాక్కం ఉంది. అక్కడే ఆరుపడై వీడు మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి. తూర్పుకు పోతే పన్నిత్తిట్టు, నరంబై లాంటి జాలరి ఊళ్లు, ఆ తర్వాత సముద్రం. పడమట బాహూరు చెరువు, వరి పొలాలు. ఇలాంటి చోట తెల్లవారుజాము నాలుగింటికి మెలకువగా ఉండేవాళ్లు రకరకాలు. పడవ తోసేందుకు అప్పుడే లేచిన జాలరి ఒకడు. వార్డులో రాత్రి డ్యూటీ ఇంకా దిగని నర్సు ఒకరు. పరీక్ష దగ్గరపడి అసలు పడుకోనే పడుకోని హాస్టల్ విద్యార్థి ఇంకొకడు. గడియారం ముగ్గురికీ నాలుగే చూపిస్తుంది. దాన్ని బట్టి ఎవరు కష్టజీవి, ఎవరు సోమరి అని చెప్పడం కుదరదు.

జాలరి వేకువనే కడలికి పోవడం వెనక గాలి ఉంది. రాత్రంతా చల్లబడిన నేల మీంచి తెల్లవారుజామున గాలి సముద్రం వైపు వీస్తుంది. పగలు నేల వేడెక్కాక గాలి మళ్లి ఒడ్డు వైపు తిరుగుతుంది. తెరచాపల కాలంలో పోవడానికి మొదటిది, రావడానికి రెండోది పనికొచ్చేవి. ఇంజన్లు వచ్చాక గాలితో అంత అవసరం లేకపోయినా, పొద్దుటి బేరానికి చేప ఒడ్డుకు చేరాలన్న తొందర అలాగే ఉంది. అతని లేవడాన్ని నిర్ణయించేది చేసే పని, బేరం సాగే వేళ.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి ఇంకో విచిత్రం ఉంది. అది ముక్కలు ముక్కలుగా మూడు రాష్ట్రాల పక్కన పరుచుకుని ఉంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరంలో, యానాం మన గోదావరి ఒడ్డున, మాహే కేరళ తీరంలో. అన్నింటికీ ఒకే ప్రభుత్వం, ఒకే భారత ప్రామాణిక కాలం. సూర్యుడు మాత్రం అన్నిచోట్లకూ ఒకే వేళకు రాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. భారత కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. యానాం 82.2 దగ్గర, అంటే దాదాపు ఆ గీత మీదే ఉంది. కిరుమాంబాక్కం 79.8 దగ్గర ఉంది కాబట్టి, అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి యానాం కన్నా సుమారు 10 నిమిషాలు ఆలస్యం. మాహే 75.5 దగ్గర ఉంది, అక్కడ సుమారు 27 నిమిషాలు ఆలస్యం. యానాంలో ఆరింటికి లేచే గుమాస్తా, మాహేలో ఆరింటికి లేచే గుమాస్తా గోడ గడియారం ప్రకారమే సమానం. ఒంటి లెక్కలో మాహే మనిషి ముందు లేచినట్టు.

అరగంట తేడా ఏం చేస్తుందిలే అనిపించవచ్చు. ఆర్థికవేత్త మౌలిక్ జగ్నాని భారతదేశపు సమాచారాన్ని తీసుకుని ఇదే చూశారు. సూర్యుడు ఆలస్యంగా అస్తమించే పడమటి జిల్లాల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారు. బడి గంట మాత్రం వాళ్ల కోసం వెనక్కి జరగదు. దాంతో నిద్ర తరుగుతోంది. సగటు సూర్యాస్తమయం ఒక గంట ఆలస్యమైతే చదువుకునే కాలం 0.8 ఏళ్లు తగ్గుతుందని ఆయన అంచనా. ఇది చదివి యానాం పిల్లలు మాహే పిల్లల్ని దాటేసి ఉంటారని లెక్క కట్టకూడదు. 2011 జనగణనలో అక్షరాస్యత మాహేలోనే ఎక్కువ. చదువును సూర్యుడొక్కడే నడిపితే కేరళ తీరం ఇలా ఉండేది కాదు.

పాతకాలంవాళ్లు ఈ విషయంలో తెలివిగా ఉన్నారు. బ్రాహ్మీ ముహూర్తానికి గడియారంలో అంకె లేదు. ముహూర్తమంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు అది మొదలై, ఒక ముహూర్తం ముందు ముగుస్తుంది. ఆ లెక్కన ఊరు మారితే వేళ మారుతుంది, నెల మారినా మారుతుంది. పైగా అది దీపంలో నూనె పొదుపుగా వాడిన కాలపు లెక్క. పొద్దుగూకిన కాసేపటికే ఊరు ఊరంతా పక్కలు పరుచుకునేది. ఐదింటికల్లా లేవమని బోధించే ఇప్పటి పుస్తకాలు ఆ కాలం నుంచి లేచే వేళను తెచ్చుకున్నాయి, పడుకునే వేళను అక్కడే వదిలేశాయి.

నిమిషాలు తప్పే గడియారం

సాయంత్రమైతే చింతాకు ముడుచుకుంటుందని పల్లెల్లో పిల్లలకూ తెలుసు. దీన్ని రాతలో పెట్టిన తొలి మనుషుల్లో అలెగ్జాండర్ దండులోని ఆండ్రోస్థెనీస్ ఒకడు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో, ఇప్పటి బహ్రెయిన్ దీవిలో, రాత్రి ఆకులు ముడిచి పొద్దున విప్పే చెట్టును చూసి రాశాడు. అది చింతచెట్టే అయి ఉంటుందని పండితుల ఊహ. ఆ ఆకుల్ని కదిలించేది ఎండా, మరేదైనానా అని ఎవరూ చాలాకాలం అడగలేదు. 1729లో ఫ్రాన్సులో ద మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను ఎండ తగలని చీకట్లో పెట్టించాడు. వెలుగు లేకపోయినా ఆకులు వేళకు విచ్చుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి. మొక్క లోపల ఏదో వేళ తెలిపేది ఉందన్నమాట.

మనిషిలోనూ ఉంది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుత్తి ఒకటుంటుంది. ఒంటి వేడి ఎప్పుడు పెరగాలి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఎప్పుడు ఊరాలి అన్నవి దాని అదుపులో నడుస్తాయి. దీన్ని జీవగడియారం అంటారు. దాని రోజు కచ్చితంగా 24 గంటలు కాదు. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో వెలుగూ, వేళ తెలిసే ఆనవాళ్లూ అదుపులో పెట్టి కొలిస్తే సగటున 24 గంటల 11 నిమిషాలు వచ్చింది. కొందరిలో అంతకన్నా తక్కువ, కొందరిలో ఎక్కువ.

కీ ఇచ్చే గోడ గడియారాలున్న రోజుల్ని తలుచుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఆ గడియారం రోజుకు ఐదో పదో నిమిషాలు వెనకబడేది. రేడియోలో వార్తలకు ముందు వేళ తెలిపే చప్పుడు వినగానే ఇంటాయన కుర్చీ ఎక్కి ముల్లు ముందుకు జరిపేవాడు. ఒంట్లోని గడియారానికి ఆ పని చేసేది పొద్దుటి వెలుగు. కంట్లో పడ్డ పొద్దుటి వెలుగు ముల్లును ముందుకు జరుపుతుంది, రాత్రి పడ్డ వెలుగు వెనక్కి జరుపుతుంది. గడియారం కాస్త వేగంగా నడిచే మనిషికి పెద్దగా సర్దాల్సింది లేదు. నిదానంగా నడిచే మనిషికి రోజూ సర్దాలి. అతను తలుపులు వేసుకుని తొమ్మిదింటి దాకా పడుకుని, రాత్రి పన్నెండింటి దాకా ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే, ముందుకు జరిపే వెలుగు తగ్గి, వెనక్కి జరిపే వెలుగు పెరుగుతుంది. గూబ మనిషి చాలావరకు ఇలాగే తయారవుతాడు.

ఈ వేగపు తేడా పుట్టుకతో వచ్చేదేనని చూపించిన పని ఒకటి మనకు దగ్గర్లోనే జరిగింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో విజయ్ కుమార్ శర్మ బృందం అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని పెంచింది. ఈగలు గూటి పురుగు దశ నుంచి రెక్కలతో బయటికి వచ్చే వేళను వాళ్లు గమనించారు. ఒక మంద కోసం ప్రతి తరంలోనూ పొద్దున 5 నుంచి 9 మధ్య బయటపడ్డవాటినే తల్లిదండ్రులుగా ఎంచారు. ఇంకో మంద కోసం సాయంత్రం 5 నుంచి 9 మధ్య వచ్చినవాటిని. 55 తరాలు గడిచేసరికి మొదటి మందలో తెల్లవారగానే బయటపడేవి ఎక్కువయ్యాయి, రెండో మందలో సాయంత్రపువి ఎక్కువయ్యాయి. రెండింటినీ వెలుగు మార్పులేని చోట పెట్టి చూస్తే తొందర మంద గడియారం 24 గంటలకన్నా పొట్టిది, ఆలస్యం మందది పొడుగుది. 2007లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఈగలకు ఏ తాతయ్యా నీతులు చెప్పలేదు కాబట్టి, వాటి ఆలస్యాన్ని బద్ధకం కింద జమకట్టడం కష్టం.

అదే జాతి ఈగలో గడియారాన్ని నడిపే జన్యువును 1971లో రోనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ గుర్తించారు. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో విప్పిచెప్పిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల మీద 2019లో ఇంకా పెద్ద లెక్క జరిగింది. దాదాపు 7 లక్షల మంది జన్యువుల్ని పోల్చి, పొద్దువాటంతో సంబంధమున్న 351 చోట్లను పట్టుకున్నారు. అయితే పొద్దుటి వాటానికి మొగ్గే జన్యువులు అందరికన్నా ఎక్కువున్న 5 శాతం మందికీ, అందరికన్నా తక్కువున్న 5 శాతం మందికీ నిద్రవేళలో వచ్చిన తేడా సుమారు 25 నిమిషాలే. జాతకమంతా జన్యువుల్లోనే రాసి ఉందనేవాళ్లు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

మిగిలిన తేడాలో వెలుగుకు పెద్ద వాటా ఉంది. 2013లో అమెరికాలోని కొలరాడోలో కెన్నెత్ రైట్ 8 మందిని వారం పాటు కొండల్లో గుడారాల్లో ఉంచాడు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టార్చిలైటు కూడా లేదు. పగలు ఎండ, రాత్రి నెగడు, అంతే. వారం తిరిగేసరికి వాళ్ల జీవగడియారాలు సుమారు 2 గంటలు ముందుకు జరిగాయి. అంతకుముందు ఆలస్యంగా పడుకునేవాళ్లలో మార్పు ఎక్కువగా వచ్చి, గూబలకూ కోళ్లకూ మధ్య ఎడం తగ్గింది.

వయసు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మ్యూనిక్‌లో టిల్ రోనెబర్గ్ వేలమంది నిద్రవేళలు సేకరించి చూస్తే, చిన్నపిల్లల్లో ముందుగా ఉన్న వేళలు యవ్వనంలో రానురాను ఆలస్యమై, ఇరవై ఏళ్ల దగ్గర చివరికొస చేరి, అక్కణ్నుంచి మళ్లీ ముందుకు జరుగుతున్నాయని తేలింది. యాభై దాటిన తండ్రి తెల్లారకముందే లేచి, పందొమ్మిదేళ్ల కొడుకు దుప్పటి లాగేస్తుంటే, ఇద్దరి గడియారాలూ వాళ్ల వాళ్ల వయసుకు సరిగ్గానే నడుస్తున్నాయి. తండ్రి తన పందొమ్మిదో ఏట ఎన్నింటికి లేచేవాడో తాతయ్యను అడిగితే ఇంట్లో వాదన కొత్త మలుపు తిరగవచ్చు.

మార్కులు ఒకరికి, తెలివి ఇంకొకరికి

ఇక అసలు ప్రశ్న. ఎవరు ఎక్కువ సాధిస్తున్నారు?

కోడి మనుషుల తరఫున సాక్ష్యం లేకపోలేదు. జర్మన్ జీవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ రాండ్లర్ 367 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల్ని ప్రశ్నించి, పొద్దుటి మనుషులు తమంతట తాము చొరవ తీసుకుని పనులు మొదలుపెట్టే రకమని తేల్చాడు. చొరవ ఉందని విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్న మాట అది. చేసిన పనిని తూచి చెప్పింది కాదు.

తూచి చూసినవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. త్వరగా పడుకుని త్వరగా లేస్తే ఆరోగ్యం, డబ్బు, తెలివి మూడూ వస్తాయని బెంజమిన్ ఫ్రాంక్లిన్ పంచాంగం ద్వారా ఊరూరా పాకిన నమ్మకాన్ని కేథరిన్ గేల్, క్రిస్టఫర్ మార్టిన్ 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరీక్షకు పెట్టారు. 65 ఏళ్లు దాటిన 1,229 మంది వివరాలు వాళ్ల దగ్గరున్నాయి. రాత్రి 11 లోపు పడుకుని పొద్దున 8 లోపు లేచేవాళ్లు 356 మంది. 11 దాటాక పడుకుని 8 దాటాక లేచేవాళ్లు 318 మంది. ఆరోగ్యంలోగానీ తెలివిలోగానీ మొదటివాళ్లు ముందున్న దాఖలా దొరకలేదు. సగటు ఆదాయం గూబలదే కాస్త ఎక్కువ. కార్లున్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. డబ్బున్నవాళ్లకు పొద్దున్నే లేవాల్సిన అగత్యం లేకపోవడమే దీనికి కారణం కావచ్చు. ఏది ముందో, ఏది వెనకో ఇలాంటి లెక్కలు చెప్పవు.

తికమక పెట్టే ఫలితం చదువు దగ్గర వచ్చింది. ఫ్రాంజిస్ ప్రెకెల్ బృందం 2011లో అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసింది. తెలివిని కొలిచే పరీక్షల్లో గూబ పిల్లలు వెంట్రుకవాసి ముందున్నారు. బడి మార్కుల్లో మాత్రం కోడి పిల్లలే ముందు, ఆ తేడా వెంట్రుకవాసి కన్నా పెద్దది. తెలివి తక్కువ కానివాళ్లకు మార్కులు తక్కువ రావడానికి కారణం వెతకడం పెద్ద కష్టం కాదు. బడి, పరీక్ష రెండూ పొద్దున్నే పెడతారు.

ఈ అనుమానం నిజమో కాదో చూడాలంటే మనుషుల్ని కాకుండా వేళను మార్చి చూడాలి. అమెరికాలోని సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్ల గంటను 7:50 నుంచి 8:45కి జరిపింది. అర్ధరాత్రి దాకా ఫోన్లు నొక్కుతూ ఇంకో గంట ఆలస్యంగా పడుకుంటారని పెద్దలు బెదిరారు. చేతికి కట్టిన యంత్రాలతో కొలిస్తే పిల్లలు రోజుకు 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కొలత తీసుకున్న తరగతుల్లో మార్కులు 4.5 శాతం పెరిగాయి. పిల్లలు వాళ్లే, పాఠాలూ అవే.

షికాగోలోని నార్త్ ఈస్టర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ స్మార్, ఆరన్ షిర్మర్ ఇంకో దారిలో వెళ్లారు. 14,894 మంది విద్యార్థులు కాలేజీ వెబ్‌సైటులోకి ఏ రోజు ఏ వేళకు వచ్చారో చూసి, తరగతులున్న రోజులకూ లేని రోజులకూ వాళ్ల వేళలు ఎంత జరుగుతున్నాయో లెక్కకట్టారు. ఆ జరుగుబాటు ఎక్కువున్నవాళ్లకు మార్కులు తక్కువ. వారమంతా ఆరింటికి లేచి, ఆదివారం పదింటికి లేచే మనిషి ఊరు కదలకుండానే వారానికోసారి నాలుగు గంటల తేడా ఉన్న దేశానికి వెళ్లి వస్తున్నట్టు లెక్క. రోనెబర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. తెలుగులో ఇంటిపట్టు జెట్‌లాగ్ అనవచ్చు. గూబలకు ఇది ఎక్కువ. ఎందుకంటే ఆఫీసులూ బడులూ కోళ్లు కట్టుకున్న వేళల ప్రకారం నడుస్తాయి.

కాబట్టి పొద్దున్నే లేచేవాళ్లకు వచ్చే లాభంలో పెద్ద భాగం టైంటేబుల్ ఇచ్చినదే. తొమ్మిదింటికి ఆఫీసు అయితే ఐదింటికి లేచినవాడు తన చురుకైన వేళల్ని ఆఫీసుకు ఇస్తాడు. గూబ మనిషి తన మత్తువేళల్ని ఆఫీసుకిచ్చి, చురుకైన వేళల్ని రాత్రి ఇంటికి తెచ్చుకుంటాడు. పై అధికారి చూసేది మొదటి సగాన్నే.

చెన్నైలో నిద్రను కొలిస్తే

ఇంతవరకు వచ్చిన లెక్కలన్నీ ఎక్కువగా చలిదేశాలవి. అక్కడ మనిషికో గది, గదికో తలుపు. కిరుమాంబాక్కం నుంచి నాలుగైదు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న చెన్నైలో అది వేరే కథ.

పెడ్రో బెసోన్, గౌతమ్ రావ్, ఫ్రాంక్ షిల్‌బాక్, హెదర్ స్కోఫీల్డ్, మటీ తోమా అనే ఆర్థికవేత్తలు చెన్నైలో తక్కువ ఆదాయమున్న 452 మందిని నెలపాటు డేటా ఎంట్రీ పనిలో పెట్టుకుని, వాళ్ల చేతులకు నిద్రను కొలిచే పట్టీలు కట్టారు. 2021లో వెలువడిన ఆ అధ్యయనంలో మొదటి ఆశ్చర్యం ఇది: వాళ్లు రాత్రి పక్క మీద ఉండేది 8 గంటలు, నిద్రపోయేది 5.5 గంటలు. ఉక్క, దోమలు, వీధి చప్పుడు, ఒకే గదిలో ఇంటిల్లిపాదీ. నిద్ర జబ్బులున్నవాళ్లకు ఎన్నిసార్లు మెలకువ వస్తుందో, ఏ జబ్బూ లేని వీళ్లకూ అంతగా నిద్ర ముక్కలవుతోంది.

తర్వాత వాళ్లు కొందరికి నిద్ర గురించి చెప్పి, పడుకునే చోటును బాగుచేసే వస్తువులిచ్చి, ప్రోత్సహించారు. నిద్ర రోజుకు 27 నిమిషాలు పెరిగింది. పని పెరుగుతుందని నిపుణులు ముందే జోస్యం చెప్పారు. పెరగలేదు. టైపు చేసే వేగమూ, బుద్ధి చురుకుదనమూ, మనసు కుదురూ ఏదీ కొలతకు అందేంతగా మారలేదు. ముక్కలైన నిద్రకు ఇంకో ముక్క కలిసింది, అంతేనేమో. పక్క మీద ఎక్కువసేపు గడపడం వల్ల పని గంటలు మాత్రం కాస్త తగ్గాయి.

ఇంకో గుంపుకు మధ్యాహ్నం ఆఫీసులోనే అరగంట కునుకు తీయడానికి మంచాలు వేశారు. అక్కడ ఫలితం కనిపించింది. పనిచేసిన ప్రతి గంటలోనూ పని పెరిగింది, చురుకుదనం పెరిగింది, మనసు తేలికైంది. కునుకు తీసిన సమయం పనిలోంచి పోయింది కాబట్టి మొత్తం సంపాదన లెక్క అంత సూటిగా లేదు. అరగంట ఊరికే కూర్చున్నవాళ్లకన్నా పడుకున్నవాళ్లు మేలు. ఆ అరగంట కూడా పనిచేసినవాళ్లతో పోలిస్తే తక్కువ.

ఈ అధ్యయనం పొద్దువాటం గురించి కాదు. కానీ ఐదింటికి లేచే గుణం గురించి మాట్లాడే ముందు ఇది చదవాలి. దక్షిణ కోస్తాలో మే నెలలో ఇల్లు చల్లబడేది అర్ధరాత్రి దాటాక. అప్పుడు పట్టిన నిద్రను నాలుగున్నరకు అలారం తెంపితే మిగిలేది నాలుగు గంటలు. ఆ మనిషి సూర్యుడికన్నా ముందు లేచాడు, నిజమే. పదకొండింటికి ఫైలు మీద తూగేదీ అతనే. మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద నడుం వాల్చిన వెనకటి రైతును చూసి నవ్వడం ఇక మానుకోవచ్చు. అతను నాలుగింటికి లేచి రోజును రెండు ముక్కలుగా చేసుకున్నాడు. అతని నాలుగింటిని మెచ్చుకుని ఆ కునుకును తిట్టేవాళ్లు సగం లెక్కే చూస్తున్నారు.

మేలుకునేవాళ్లుంటేనే

అందరూ ఒకే వేళకు లేవకపోవడం ప్రకృతి చేసిన పొరపాటా? టాంజానియాలో వేటా, సేకరణల మీద బతికే హడ్జా జనంలో 33 మంది పెద్దల నిద్రను డేవిడ్ శామ్సన్ బృందం 20 రోజులపాటు కొలిచింది. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం, ఆ 20 రాత్రుల్లో అందరూ ఒకేసారి గాఢంగా పడుకుని ఉన్నది మొత్తం 18 నిమిషాలు. ఏ క్షణంలో చూసినా ఎవరో ఒకరు మెలకువగానో, కలత నిద్రలోనో ఉన్నారు. కాపలా పెట్టకుండానే కాపలా సాగింది. వయసును బట్టి పొద్దువాటం మారడం వల్లే ఇది జరిగిందని ఆ పరిశోధకుల వివరణ. సింహాలున్న చోట అందరూ ఐదింటికే లేచే గుంపు ఎక్కువకాలం బతకదు.

సింహాలు లేని తెలుగునాట కూడా ఇదే ఏర్పాటు ఇంకో రూపంలో నడిచింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైనప్పుడు, పాఠకుల్ని పట్టుకున్న సంగతుల్లో ఒకటి పొద్దు పొడవకముందే పేపరు గుమ్మంలో పడటం. అంతకుముందు వేరే ఊళ్లో అచ్చయిన పేపర్లు రైలో బస్సో ఎక్కి ఎండెక్కాక చేరేవి. కాఫీతో పాటు పేపరు తిరగేసే కోడి మనిషికి ఆ అలవాటు చేసింది రాత్రి మనుషులు. దూరపు జిల్లాలకు వెళ్లే ఎడిషన్ ముందు, సిటీ ఎడిషన్ చివర, అర్ధరాత్రి దాటాక వచ్చిన వార్తకు మళ్లీ మొదటిపేజీ విప్పి కట్టడం. డెస్కులో సబ్ ఎడిటర్ ఇంటికి చేరి పడుకునే వేళకు సైకిళ్ల మీద పేపర్లు బయల్దేరతాయి. మూడింటికే లేచి అధికారుల్ని పిలిపించేవారని ఎన్టీ రామారావు గురించి కథలుగా చెప్పుకుంటారు. ఆ పిలుపు అందుకుని వచ్చిన అధికారి ఎప్పుడు పడుకున్నాడో ఏ కథలోనూ ఉండదు.

రాత్రి పనిచేసేవాళ్లందరూ గూబలు కారు. గచ్చిబౌలిలో అమెరికా వేళలకు కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాళ్లలో కోడి స్వభావం ఉన్నవాళ్లుంటారు. వాళ్లకు ఆ పని రెట్టింపు కష్టం. కిరుమాంబాక్కం లాంటి చోట పెద్దాసుపత్రుల్లో నర్సుల డ్యూటీ వంతుల వారీగా మారుతుంది: కొన్ని రోజులు పొద్దుట, కొన్ని రోజులు సాయంత్రం, కొన్ని రాత్రులు. స్వభావంతో సంబంధం లేకుండా అందరికీ సమానంగా పంచడమే న్యాయమని జాబితా వేసేవాళ్ల నమ్మకం.

జర్మనీలో ఒక ఉక్కు కర్మాగారంలో సెలీన్ వెటర్, రోనెబర్గ్ బృందం ఇంకోలా పంచి చూసింది. కోడి స్వభావం ఉన్నవాళ్లకు రాత్రి షిఫ్టు తీసేశారు. గూబ స్వభావం ఉన్నవాళ్లకు పొద్దుటి షిఫ్టు తీసేశారు. మధ్యవాళ్లకు మూడూ ఉంచారు. 2015లో అచ్చయిన ఫలితాల్లో పని రోజుల నిద్ర పెరిగింది, ఇంటిపట్టు జెట్‌లాగ్ తగ్గింది. దీనికి రక్తపరీక్షలేవీ అక్కర్లేదు. సెలవు రోజున అలారం లేకుండా ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారని అడిగి, ఆ రెండింటి నడిమి వేళ చూస్తే చాలు. పదింటికి పడుకుని ఆరింటికి లేచే నర్సుకు నడిమి వేళ రెండు, ఒంటిగంటకు పడుకుని తొమ్మిదింటికి లేచే నర్సుకు ఐదు. మొదటామెను రాత్రి వార్డు నుంచి తప్పించి, రెండో ఆమెకు పొద్దుట ఆరింటి హాజరు తీసేస్తే సరి. కాగితం మీద ఇది తేలికే. తొమ్మిదింటికి లేచే నర్సుకు బడికెళ్లే పిల్లలుండి, ఏడున్నరకే స్కూలు బస్సు గుమ్మంలోకి వస్తే మాత్రం, ఆసుపత్రి ఇచ్చిన వెసులుబాటును బడి గంట వెనక్కి తీసుకుంటుంది. జాబితా వేసే హెడ్ నర్సు అడగాల్సిన రెండో ప్రశ్న అదే.